మంచినీళ్ళు ముట్టని ఆదివారం

విశాఖపట్నంలో దిగిన మొదటి రోజుల్లో నా జతగాడిని చూసి ఊరంతా ముచ్చట పడేది. నన్ను చూసి ఎవరూ ముచ్చట పడలేదు. వాడు మంచు కురిసే దేశం నుంచి వచ్చిన తెల్లవాడు, ఆరడుగుల మీద రెండంగుళాలు, జుట్టు మొక్కజొన్న పీచు రంగు. స్టీలు ప్లాంటు కడుతున్న కాలం అది, ఎనభైల నడుమ. రష్యా ఇంజనీర్లు అప్పుడప్పుడు బజార్లో కనబడేవారు. అందుకని వన్ టౌన్ సందుల్లో పిల్లలు వాడి వెనక "రష్యా! రష్యా!" అని పరుగెత్తేవారు. వాడు రష్యావాడు కాడని నేను చెప్పినకొద్దీ వాళ్ళకు హుషారెక్కేది. నేనేమో నల్లగా, సన్నగా, ఆ సందులో పుట్టిన పిల్లాడిలాగే ఉండేవాడిని.

నిజానికి ఆ ఊరు వాడికి ఎంత కొత్తో నాకూ అంతే కొత్త. నేను పుట్టింది ఫిజీ దీవుల్లో, చెరకు తోటల మధ్య. మా నాయనమ్మను చంకనేసుకుని వాళ్ళమ్మ చెరకు పనికి ఓడెక్కింది. ఎక్కిన వాళ్ళెవరూ తిరిగి రాలేదు. నాయనమ్మ మాట్లాడే తెలుగు తప్ప మా ఇంట్లో ఈ దేశం తాలూకు వస్తువు ఒక్కటి కూడా లేదు. నా చిన్నప్పుడు మా అమ్మ మార్మన్ విశ్వాసంలో చేరింది. పంతొమ్మిదేళ్ళు నిండిన కుర్రాడు రెండేళ్ళపాటు దేవుడి పని మీద పరాయి చోటికి వెళ్ళడం మా వాళ్ళలో ఆనవాయితీ. ఎక్కడికన్నది మన చేతిలో ఉండదు. ఉత్తరం వస్తుంది, మూట కట్టుకోవాలి. నా ఉత్తరంలో విశాఖపట్నం అని ఉంది. నాయనమ్మ విని "అబ్బో" అంది, వెంటనే పొయ్యి మీద అన్నం సంగతి చూడమంది.

తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల బిళ్ళ. బిళ్ళ మీద పేరుకు ముందు 'ఎల్డర్' అని ఉండేది, అంటే పెద్ద. మీసం కూడా సరిగా రాని ఇద్దరు పెద్దలం ఒక మేడ మీద గది తీసుకుని ఉండేవాళ్ళం. ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టి మతం చెప్పకూడదు, అడిగిన వాళ్ళకే చెప్పాలి. అడిగేవాళ్ళు తక్కువ. పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాళ్ళం, మల్కాపురంలో జబ్బు పడ్డ ఒక రిఫైనరీ కార్మికుడి ఇంటికి బియ్యం మోసేవాళ్ళం, ఆదివారం మా గదిలో పదిమందితో ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. ఇక నియమాలా, కావలసినన్ని. ఇద్దరం ఒకరినొకరు విడిచి ఎక్కడికీ వెళ్ళకూడదు. టీ, కాఫీ ముట్టకూడదు. సముద్రంలో దిగకూడదు. దీవిలో పుట్టినవాణ్ణి, పదకొండు నెలలు బంగాళాఖాతం ఒడ్డున ఉండి చీలమండ కూడా తడవకుండా వచ్చేశాను. ఆ నియమం పెట్టినవాళ్ళ మీద నాకిప్పటికీ కోపమే.

మా సందులోకి పొద్దున్నే ఒక ముసలామె చేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది. చేపల రేవు పక్కన జాలర్ల పేటలో ఇల్లు. మొదటిసారి నెత్తళ్ళు కొనడానికి మెట్లు దిగి, "నాను తీసుకుంటాను, ఇలా సూపించు" అన్నాను. నాకు తెలిసిన తెలుగు నాయనమ్మ తెలుగు, అదే నోట్లోంచి వచ్చింది. పుస్తకాల తెలుగు తర్వాత నేర్చుకున్నాను. ఇప్పుడు అచ్చు తప్పులు దిద్దే ఉద్యోగంలో జుట్టు నెరిసింది గానీ, అప్పుడు నాకు అక్షరాలు కూడా రావు.

ఆమె గంప దించి నా మొహం చూసింది. "ఏ ఊరోడివిరా?"

"ఫిజీ."

"అదెక్కడ? పలాసకి అవతలా?"

"సముద్రానికి అవతల."

"సముద్రానికి అవతల మా మాటెందుకుంటాదిరా? ఎవుల్ని ఎర్రోల్ని సేత్తన్నావ్?"

నాయనమ్మ కథ చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు గానీ, ఆ పూట నుంచి నన్ను 'మనవడా' అనడం మొదలుపెట్టింది. మా వంట చూసి అసహ్యించుకునేది. తెల్లవాడు చేపను తలతో సహా ఉట్టి నీళ్ళలో ఉడకబెట్టడం చూసి, "పాపం ఆ సేప ఏటి సేసిందిరా మీకు" అని కత్తిపీట తెప్పించుకుని, గుమ్మంలో కూర్చుని చేపలు తనే శుభ్రం చేసి, చింతపండు ఎంత పిండాలో నాకు చేత్తో చూపించేది. టీ ఎందుకు తాగనని ఒకరోజు అడిగింది. మా దేవుడికి మొక్కు అన్నాను. "మొక్కైతే సరే" అంది, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. మీరేటోళ్ళు అని కూడా అడిగింది. మా ఇంట్లో పేర్ల వెనక ఒక పెద్దకులపు తోక ఉండేది, అది చెప్పాను. ఓడెక్కేటప్పుడు ఎవడు ఏ తోక తగిలించుకున్నాడో మా దీవుల్లో ఎవడికీ పట్టదు. అందరూ ఒక వంటశాలలో తిని, ఒకే కూలీల బారకాసులో పడుకున్నవాళ్ళు. ఆ తోక ఈ ఒడ్డున ఇంకా బతికే ఉందని నాకెవరూ చెప్పలేదు.

ఏడో నెలలో ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. నాయనమ్మ పోయింది. పోయి అప్పటికే మూడు వారాలైంది. పని మధ్యలో ఇంటికి వెళ్ళే పద్ధతి లేదు, వెళ్ళినా చూసేదేమీ లేదు. మర్నాడు ముసలామె నా మొహం చూసి అడిగితే చెప్పాను. ఆమె గంప దించి మా మెట్ల మీద చతికిలబడి, ఎన్నడూ చూడని మనిషి కోసం గొంతెత్తి ఏడ్చింది. "ఓలమ్మా, దేశం కాని దేశంలో పోనావా తల్లీ" అని రాగం తీసింది. సందులో వాళ్ళంతా బయటికొచ్చి చూశారు. నాకు సిగ్గేసింది, ఆ సిగ్గుతోపాటే మొదటిసారి నాకూ ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని ఆమె ఒకటే మాట అంది. "ఆదివారం మద్దేనం మా ఇంటికొచ్చీయండి. ఆ తెల్లోడ్ని కూడా తీసుకురా. మనవడు కడుపు నిండా తింటేనే ఆయమ్మకి సాంతి."

వస్తామన్నాను. శనివారం మధ్యాహ్నం నా జతగాడు క్యాలెండర్ చూసి నాలిక్కరుచుకున్నాడు. మర్నాడు నెలలో మొదటి ఆదివారం. ఆ రోజు మేము రెండు పూటలు తిండి మానేస్తాం, మంచినీళ్ళు కూడా ముట్టం. ఒక్కొక్కరు ఒక్కొక్క కోరికతో ఉపవాసం ఉంటాం. ఆ నెల నా ఉపవాసం నాయనమ్మ పేరున అని నేనప్పటికే అనేసుకున్నాను.

"పొద్దున్నే వెళ్ళి చెప్పేద్దాం, సాయంత్రం వస్తామని" అన్నాడు వాడు.

"అక్కర్లేదు. ఉపవాసం ఉన్నట్టు పైకి తెలియకూడదని కదా మనకు చెప్పింది. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, మామూలుగా ఉండాలి. నేను చూసుకుంటాను. నా భాష, నా మనుషులు" అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఇల్లు రెండు గదులు. బయట వల ఆరేసి ఉంది. కొడుకు వేటకు పోయాడు, కోడలు ఉంది. కొత్త చాప వేశారు, తోమిన స్టీలు కంచాలు తళతళలాడుతున్నాయి. కానాగంత చేపల పులుసు వాసన గుమ్మం దాకా వచ్చి నా పేగుల్ని పట్టుకుంది. ముందు మంచినీళ్ళిచ్చింది. జతగాడు పొట్ట మీద చెయ్యి వేసుకుని, మొహం చిట్లించి, చేతులు జోడించాడు. కోడలు పకపకా నవ్వింది. "తెల్లోడి కడుపు అత్తా, మన కారం పడదు." వాడి సంగతి అంతటితో తేలిపోయింది.

నా ముందు నీళ్ళ గ్లాసు ఉంది. "దాహం లేదు" అన్నాను.

"అయితే కూకో, వడ్డించీస్తాను."

"ఆకలి లేదు మామ్మా. తినీసి వచ్చినాను."

భోజనానికి పిలిస్తే తినేసి వచ్చానని చెప్పడం. ఇప్పుడు తలుచుకుంటే చెవులు కాలిపోతాయి. అప్పుడు మాత్రం ఉపవాసాన్ని బాగా దాచానని లోలోపల మురిసిపోయాను కూడా. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. లోపలి నుంచి కోడలు మెల్లగా అంటున్న మాట నాకు వినబడింది, అర్థం మాత్రం కాలేదు. "పెద్దకులపోళ్ళు అత్తా. మనింట్లో ముడతారేటి?"

ముసలామె నా కోసం తీసిన కంచంలో తనే అన్నం పెట్టుకుని, పులుసు పోసుకుని, నా ఎదురుగా కూర్చుంది. "నీకు నేకపోతే నాకుంది ఆకలి" అని ముద్ద తరవాత ముద్ద, నా కళ్ళలోకి చూస్తూ కంచం ఖాళీ చేసింది. ముల్లు కూడా నిదానంగా తీసింది. నేను తెల్లవాడి పక్కన టై సర్దుకుంటూ, ఇంత ప్రేమగా పిలిచిన మనిషి ఇంత విచిత్రంగా ఎందుకు తింటోందో అనుకుంటూ కూర్చున్నాను.

మర్నాటి నుంచి ఆమె మా సందులోకి రాలేదు. పక్క సందులో కేక వినబడేది, మా మలుపు దగ్గర ఆగిపోయేది. ఒకరోజు ఎదురుపడితే నేనే పలకరించాను. "బాగున్నారా బాబుగారూ" అని తప్పుకుని, గోడవారగా వెళ్ళిపోయింది. ఒరే అని నెత్తి మీద మొట్టిన మనిషి నాకు దారి వదులుతోంది.

మా కింది వాటాలో పోర్టులో పనిచేసే ఖలాసీ ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, అయినా నన్ను బావ అనేవాడు. ఆయన్ని అడిగాను.

"నీకు తెలీదేటి బావా? ఆళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టనేదంట గదా. పేటంతా సెప్పుకుంతన్నారు. సేపలోళ్ళింట్లో తింటే నీ కులం పోతాదనుకున్నావంట."

"నాకు కులమేంటి? మా తోక ఎవడు తగిలించాడో కూడా నాకు తెలీదు."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. ఆయమ్మకెలా తెలుస్తాది? తెల్లోడంటే తెలీనోడు. నువ్వు మనోడివి గదా. మనోడు నీళ్ళొద్దంటే దానికి ఒకటే అర్దం."

మొదట నాకు కోపం వచ్చింది. ఊరి మీద, దేశం మీద, ఆ ముసలామె మీద కూడా. గదిలో అటూ ఇటూ తిరుగుతూ అరగంట తిట్టాను. మేము పారేసి వెళ్ళిన చెత్తను ఇంకా మోస్తున్నారా అన్నాను. జతగాడు మంచం మీద కూర్చుని చొక్కా గుండీ కుట్టుకుంటూ అంతా విన్నాడు. చివరికి, "ఉపవాసం దాచమన్నారు. అబద్ధం చెప్పమన్లేదు. నువ్వేదో అబద్ధమే చెప్పావు" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. వాడికి తెలుగు రాదు కదా, నేనేమన్నానో వాడికెలా తెలుసన్నాను. ఆమె మొహం చూస్తే తెలిసిందన్నాడు.

అయినా వెంటనే వెళ్ళలేదు. సిగ్గో, పొగరో, రెండూనో. ఇవాళ, రేపు అంటూ నాలుగు నెలలు గడిపేశాను. అంతలో ఇంకో ఉత్తరం వచ్చింది. ఆదివారం సాయంత్రం రైలుకు నేను మద్రాసు వెళ్ళిపోవాలి, ఇంకో జతగాడితో పనిచెయ్యాలి. మా పనిలో బదిలీలు ఇలాగే, వారం వ్యవధి కూడా ఇవ్వరు. ఉత్తరం వచ్చింది గురువారం. ఆ ఊరికి తిరిగొస్తానన్న నమ్మకం నాకు లేదు. ఈ మూడు రోజుల్లో చెప్పకపోతే ఆమె దృష్టిలో చచ్చేదాకా నేను నీళ్ళు ముట్టని పెద్దకులపోడినే.

శుక్రవారం తెల్లారగానే ఇద్దరం రేవుకు వెళ్ళాం. పడవలు ఒడ్డుకు వస్తున్నాయి, ఆడవాళ్ళు గంపలతో చేపల వేలం పాటకు ఎగబడుతున్నారు. బూట్లతో తడి ఇసకలో నడుస్తుంటే అందరూ మమ్మల్నే చూశారు. ఆమె నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"ఆ రోజు నాను ఉపాసం ఉన్నాను మామ్మా. నాయనమ్మ పేరున. సెప్పకూడదనుకున్నాను. తినీసి వచ్చానన్నది అబద్దం."

పాట ఆగింది. ఆమె గంప ఇసకలో పెట్టింది.

"ఉపాసమా?"

"అవును."

"మంచినీళ్ళు కూడానా?"

"మంచినీళ్ళు కూడా."

నన్ను క్షమిస్తుందనో, తిడుతుందనో అనుకున్నాను. ఆమె రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. "ఓరి నాయినా! ఉపాసమున్న పిల్లోడి ముందర కూకుని కంచం నాకీసినాను గదరా! అప్పన్నకి సనివారం ఒక్కపొద్దుంటాను నాను. నా ముందర ఎవులైనా పకోడీ తింటేనే కోడల్ని తిడతాను. నీ కల్లల్లోకి సూసి మరీ తిన్నాను గదరా!" అని నా వీపు మీద ఒకటి వేసింది, గట్టిగా. "ఒక్క మాట సెప్పుంటే పొయ్యి ముట్టించీదాన్నా? ఉపాసమంటే ఈ ఊళ్ళో ఎవులికి తెలీదురా?"

అదే నిజం. ఆ ఊళ్ళో వారానికి ఒకరోజు ఎవరో ఒకరు ఏదో ఒక దేవుడికి పస్తుంటారు. నా నియమాలన్నిట్లోకీ వాళ్ళకు వివరించనక్కర్లేనిది అదొక్కటే. సరిగ్గా దాన్నే నేను దాచాను.

ఆదివారం వెళ్ళిపోతున్నానని చెప్పాను. ఆమె వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "అయితే రేపే. అప్పన్న ఒక్కపొద్దుకి టీ తాగుతాను, పండు తింటాను. రేపు అయ్యేటీ లేవు. మీ పద్దతిలోనే ఉంటాను. నువ్వు మాత్రం ఉండకు, నీ వంతైపోనాది."

వద్దన్నాను. ఎండలో గంప మోసే మనిషి, ఈ వయసులో ఏమిటిది అన్నాను. "నీ నోరు ముయ్" అని పాటకు వెళ్ళిపోయింది.

శనివారం మళ్ళీ మా సందులో ఆమె కేక వినబడింది. పొద్దున ఖంగుమంది. పదకొండింటికి రెండోసారి తిరిగొచ్చేసరికి గొంతు గరగరలాడుతోంది. మధ్యాహ్నం ఖాళీ గంపతో వచ్చి మా మెట్ల మీద కూర్చుంది. పెదాలు ఎండిపోయి తెల్లగా పొరలు కట్టాయి.

"అన్నం వండుకున్నారా?"

వండామన్నాను.

"అయితే కంచం ఇక్కడికి తే. నా ముందర తిను. అప్పుడే సరికి సరి."

బతిమాలాను. వినలేదు. తెల్లవాడు పరిస్థితి గ్రహించి మేడ మీదికి జారుకున్నాడు. నేను ఒక మెట్టు కింద కూర్చుని, ఒళ్ళో కంచం పెట్టుకుని, ఆమె చూస్తుండగా తిన్నాను. జీవితంలో అంత కష్టపడి ఎప్పుడూ తినలేదు. ప్రతి ముద్దకూ ఆమె గొంతు కదలడం కనిపిస్తోంది.

"ఎలాగుంది?"

"దిగట్లేదు మామ్మా."

"నాకు ఆ రోజు దిగినాది" అంది. మరి కాసేపటికి, "పులుసు బాగానే కుదిరినాది గానీ, ఉప్పు ఎక్కువైనాది" అని నవ్వింది. ఖలాసీ బావ కిటికీలోంచి చూస్తూ, "మీ ఇద్దరికీ మతి పోనాది" అన్నాడు.

ఆమె రమ్మన్నట్టే పొద్దుగూకే వేళకు నేనూ తెల్లవాడూ పేటకు వెళ్ళాం. కోడలు వాకిట్లోనే ఎదురొచ్చి, నన్ను నిలేసి నాలుగు దులిపింది. "మా అత్త సచ్చిపోతే ఎవులిది పూచీ?" అంది. న్యాయమే, తల దించుకున్నాను. లోపల చాప వేసి ఉంది, మూడు కంచాలు పెట్టి ఉన్నాయి. ముసలామె గోడకు జేరగిలి కూర్చుంది, నిలబడే ఓపిక లేక. మా ఇద్దరికీ కోడలే వడ్డించింది. అందరికీ పెట్టాక ఆమె తన కంచం దగ్గరికి లాక్కుంది. చెయ్యి కడుక్కుంది. ముట్టబోతూ ఆగింది.

"మా దేవుడైతే పేరు తెలుసు. ఎవుల పేరునున్నానో తెలీకుండానే పొద్దంతా ఉండిపోనాను" అంది. "మీ నాయనమ్మ పేరేటిరా?"

ఆ ఊళ్ళో నన్ను ఆ మాట అడిగిన వాళ్ళు అంతకు ముందు లేరు. చెప్పాను. ఆమె ఆ పేరు మెల్లగా రెండుసార్లు పలికింది, సరిగ్గా వచ్చిందా అన్నట్టు నా వైపు చూసింది. వచ్చిందన్నాను. అప్పుడు కంచంలో చెయ్యి పెట్టింది.